సీరం నుంచి హెచ్‌బీఎస్‌ఏజీ ప్యూరిఫికేషన్: 1.20 దగ్గర బ్యాండ్ వస్తోంది, ప్యూరిటీ మాత్రం రావట్లేదు

తరమణి_తంటాలు
సీరం నుంచి హెపటైటిస్ బి సర్ఫేస్ యాంటిజెన్ (హెచ్‌బీఎస్‌ఏజీ, వైరస్ పైపొర ప్రోటీన్) తీసినవాళ్లు ఇక్కడెవరైనా ఉన్నారా? ఈస్ట్‌లో చేసేది కాదు, అచ్చంగా మనిషి రక్తంలోంచి. నేను చెన్నైలో పీహెచ్‌డీ. బ్లడ్ బ్యాంకులో పాజిటివ్ వచ్చి పారేయాల్సిన ప్లాస్మా యూనిట్లు తెచ్చుకుంటున్నాం. ఎథిక్స్ కమిటీ, బయోసేఫ్టీ కమిటీ కాగితాలన్నీ ఉన్నాయి, దయచేసి ఆ ప్రశ్నతో మొదలుపెట్టకండి.

చేస్తున్నది ఇదీ. ప్లాస్మాకి కాల్షియం క్లోరైడ్ వేసి గడ్డకట్టించి ఫైబ్రిన్ తీసేస్తా. 10,000 జీలో ఒక స్పిన్. పైన మిగిలినదానికి 50 శాతం అమ్మోనియం సల్ఫేట్. పెలెట్‌ని బఫర్లో కరిగించి డయాలసిస్. ఆ తర్వాత సాంద్రతని బట్టి విడదీసే సీజియం క్లోరైడ్ గ్రేడియంట్, స్వింగింగ్ బకెట్ రోటర్లో రాత్రంతా. పొద్దున్నే ట్యూబ్‌ని లైటుకి ఎదురుగా పట్టుకుంటే మధ్యలో నీలంగా మెరిసే తెల్లటి పట్టీ చక్కగా కనబడుతుంది. రిఫ్రాక్టోమీటర్‌తో లెక్క కడితే సాంద్రత 1.20. పుస్తకాల్లో చెప్పింది కూడా అదే.

ఎలైజాలో (యాంటిజెన్‌ని యాంటీబాడీతో పట్టి రంగుతో కొలిచే పరీక్ష) ఓడీ, అంటే రంగు చిక్కదనం, పైకప్పుకి తగులుతోంది. జెల్ మీద 25, 28 కిలోడాల్టన్ల దగ్గర రెండు బ్యాండ్లున్నాయి, అంటే పీ24, జీపీ27 జోడీ (యాంటిజెన్‌లోని ఎస్ ప్రోటీన్, చక్కెర లేనిదీ ఉన్నదీ) వచ్చినట్టే. కానీ 66 దగ్గర అల్బుమిన్ దున్నపోతులా కూర్చుంది. పైన కూడా కాస్త చెత్త ఉంది. ప్రోటీన్ కొలిస్తే మిల్లీగ్రాముల్లో వస్తోంది. మా గైడ్ ఆ అంకె చూసి "ఇదంతా యాంటిజెనేనా?" అని ఊరుకున్నారు. మళ్లీ గ్రేడియంట్ వేసినా అదే కథ. అల్బుమిన్‌ని వదిలించుకునే దారి చెప్పండి, అంతకు మించి ఏమీ అడగను.

పుల్లట్టు
బ్లూ సెఫరోజ్ కాలమ్. అల్బుమిన్ దానికి అతుక్కుంటుంది. అయిపోయింది, తర్వాతి ప్రశ్న.

సైదాపేట_శీను
అల్ట్రాసెంట్రిఫ్యూజ్ రాత్రంతా నీకెలా దొరుకుతోంది? ముందు ఆ రహస్యం చెప్పు.

తరమణి_తంటాలు
@సైదాపేట_శీను శనివారం రాత్రి ఎవరూ బుక్ చేయరు. అంతే.

ఊరికే_చూస్తున్నా
ఈ రోజుల్లో కూడా సీరం నుంచి ఎందుకండీ? అమెరికాలో 1986లోనే ఈస్ట్ టీకా వచ్చేసింది. మన హైదరాబాద్‌లో శాంతా బయోటెక్ వాళ్లు 1997లో పికియా ఈస్ట్‌తో చేసి టీకా ధరని నేలకి దించారు. కొంటే పోయేదానికి రక్తంతో చెలగాటం ఎందుకు?

తరమణి_తంటాలు
@ఊరికే_చూస్తున్నా ఈస్ట్‌లో వచ్చే ఎస్ ప్రోటీన్‌కి మన కణాలు తగిలించే చక్కెర గొలుసు ఉండదు. మామూలు ఈస్ట్ టీకా యాంటిజెన్‌లో ప్రీ-ఎస్ భాగాలు (ఎస్‌కి ముందు అదనంగా ఉండే ముక్కలు) కూడా ఉండవు. నాకు కావాల్సింది మన క్యారియర్ల రక్తంలో నిజంగా తిరిగే పార్టికల్. మన దేశంలో ఎక్కువగా ఉన్నవి ఏ, డీ జీనోటైపులు. వాటి సహజ రూపం మీదే నా పని.

కిట్టు_కిట్లు
నేను బెంగళూరులో డయాగ్నస్టిక్ కిట్ల కంపెనీలో ఉన్నా. సహజ యాంటిజెన్‌కి ఇప్పటికీ గిరాకీ ఉంది. ఏడీ, ఏవై అని సబ్‌టైపు ప్రకారం మైక్రోగ్రాముల లెక్కన అమ్ముతారు. కొటేషన్ తెరిస్తే గుండె ఒక్కసారి ఆగుతుంది. కాబట్టి ఈ అమ్మాయి అడిగేది పనికిరాని ప్రశ్న కాదు.

మాధవి_మైక్రో
అల్బుమిన్ సంగతి తర్వాత చూద్దాం. 25, 28 నీ యాంటిజెనే అని ఎవరు చెప్పారు?

సీరం మీద పనిచేస్తున్నప్పుడు ఆ ఎత్తులో ఇంకో ఇద్దరు కాపురముంటారు. ఐజీజీ (రక్తంలోని యాంటీబాడీ) చిన్న గొలుసు, అంటే లైట్ చెయిన్, సుమారు 25 కిలోడాల్టన్లు. హెచ్‌డీఎల్ అనే కొవ్వు పార్టికల్‌లో ఉండే అపోలైపోప్రోటీన్ ఏ1 సుమారు 28. నువ్వు 50 శాతం అమ్మోనియం సల్ఫేట్ వేశావు కదా, అందులో ఐజీజీ దాదాపు మొత్తం కిందికి దిగుతుంది. యాంటీబాడీలు తీయడానికి అందరూ వాడేది కూడా అదే కదా! కాబట్టి జెల్ మీద 50 దగ్గర చూడు. హెవీ చెయిన్ (ఐజీజీ పెద్ద గొలుసు) ఉంటే 25 దగ్గర లైట్ చెయిన్ కూడా ఉంటుంది. "పైన కూడా కాస్త చెత్త" అని ఒక్క ముక్కలో దాటేశావు, ఆ చెత్త ఏ ఎత్తులో ఉంది?

ఇక 28 సంగతి. హెచ్‌డీఎల్ సాంద్రత 1.063 నుంచి 1.21 దాకా ఉంటుంది. నీ యాంటిజెన్ పట్టీ 1.20. గ్రేడియంట్‌ని ఎన్నిసార్లు తిప్పినా రెండూ పక్కపక్కనే కూర్చుంటాయి. రెండోసారి వేసినా కథ మారకపోవడానికి కారణం అదే కావచ్చు.

పుల్లట్టు
అమ్మో. నా బ్లూ సెఫరోజ్ వెనక్కి తీసుకుంటున్నా.

తరమణి_తంటాలు
@మాధవి_మైక్రో మేడం, 50 దగ్గర బ్యాండ్ ఉంది. పల్చగా కాదు, బాగానే ఉంది. కానీ ఎలైజా పాజిటివ్ కదా? ఓడీ పైకప్పుకి తగులుతోందంటే యాంటిజెన్ బోలెడు ఉన్నట్టే కదా?

రోటర్‌రావు
లేదమ్మా. పైకప్పుకి తగిలిందంటే నీ మీటర్ అక్కడితో ఆగిపోయిందని అర్థం. ఓడీ 3.5 చూపిస్తున్న ఫ్రాక్షన్లో ఒక మైక్రోగ్రామున్నా, వంద ఉన్నా అంకె అదే. పది రెట్లు, వంద, వెయ్యి, పదివేలు అని డైల్యూట్ చేసుకుంటూ పో. ఓడీ గీత వంగి కిందికి దిగే చోటు తెలియాలి. తెలిసిన స్టాండర్డ్ పక్కన పెట్టి ఆ చోటు నుంచి వెనక్కి గుణించు.

పైగా శాంపిల్‌నీ కాంజుగేట్‌నీ (రంగు తెప్పించే ఎంజైమ్ కట్టిన యాంటీబాడీ) ఒకేసారి పోసే ఒక్క అంచె కిట్ అయితే ఇంకో తిరకాసుంది. యాంటిజెన్ మరీ ఎక్కువైతే ఓడీ తగ్గుతుంది. హుక్ ఎఫెక్ట్ అంటారు. నీళ్లు కలిపితే పెరిగే ఓడీ ఎక్కడైనా చూశావా? ఇక్కడ చూస్తావు. దీనివల్ల మంచి ఫ్రాక్షన్‌ని పారబోసి పక్కదాన్ని దాచుకున్న కుర్రాళ్లు చాలామంది నాకు తెలుసు.

ఇక లెక్క. సీరంలో మొత్తం ప్రోటీన్ మిల్లీలీటరుకి 60 నుంచి 80 మిల్లీగ్రాములు. యాంటిజెన్ బాగా ఉన్న క్యారియర్లో మిల్లీలీటరుకి 100 మైక్రోగ్రాములు దాటొచ్చు. అంటే అదృష్టం బాగున్నప్పుడు కూడా ఏడొందల పాళ్లలో ఒక పాలు. రక్తం ఇవ్వడానికి వచ్చేవాళ్లు ఏ లక్షణాలూ లేని మనుషులు, వాళ్లలో చాలామందికి ఇందులో చిన్న భాగమే ఉంటుంది. కాబట్టి యూనిట్లన్నీ కలిపేసే ముందు ఒక్కొక్కదాన్నీ డైల్యూట్ చేసి కొలిచి, బాగా ఉన్నవి మాత్రం ఉంచుకో. పలుచటి యూనిట్లు కలిపితే పని పెరుగుతుంది, యాంటిజెన్ పెరగదు.

సైదాపేట_శీను
రావుగారి పోస్టు ప్రింటు తీసి మా ఎలైజా రీడర్ పక్కన అంటించా.

వెస్టర్న్_వెంకీ
ఇంత చర్చ ఎందుకు, వెస్టర్న్ బ్లాట్ (జెల్ బ్యాండ్లని యాంటీబాడీతో గుర్తించే పద్ధతి) చేస్తే తేలిపోతుందిగా.

మాధవి_మైక్రో
@వెస్టర్న్_వెంకీ తేలుతుంది, కానీ చూసి చేయాలి. ఎస్ ప్రోటీన్లో సిస్టీన్లు 14, వాటి మధ్య కట్లు బాగా బిగుసుకుని ఉంటాయి. చాలా మోనోక్లోనల్స్ (ఒకే చోటుని పట్టే యాంటీబాడీలు) ఆ మడతని గుర్తుపట్టేవే. మెర్కాప్టోఎథనాల్ వేసి ఉడికిస్తే మడత పోతుంది, బ్లాట్ ఖాళీగా కనబడుతుంది. అలాగని ఉడికించకుండా నడిపితే పార్టికల్ జెల్ లోపలికి సరిగ్గా దిగదు. మడత లేకుండా వరసగా ఉన్న ఎపిటోప్‌ని (యాంటీబాడీ పట్టుకునే చోటు) గుర్తుపట్టే యాంటీబాడీ అని డేటాషీట్లో ఉంటేనే వాడాలి.

ఇంకో సంగతి: మనిషి ఐజీజీకి కూడా అతుక్కునే సెకండరీ యాంటీబాడీ వాడితే 25, 50 రెండూ వెలుగుతాయి. అవి చూసి సంబరపడొద్దు.

పాతబెంచి
ఖర్చులేని కంట్రోల్ ఒకటి చెప్తా. హెచ్‌బీఎస్‌ఏజీ నెగటివ్ సీరం అంతే వాల్యూమ్ తీసుకో. గడ్డకట్టించడం దగ్గర్నుంచి గ్రేడియంట్ దాకా అన్నీ పక్కపక్కనే చెయ్యి. అదే 1.20 ఫ్రాక్షన్ తీసి ఒకే జెల్ మీద రెండూ లోడ్ చెయ్యి. నెగటివ్ వరసలో కూడా వచ్చిన బ్యాండ్ నీది కాదు. మాస్ స్పెక్ కోసం క్యూలో నిలబడాల్సిన పని లేదు.

నల్లపిల్లి
ఇది మొదటి రోజే చేయించాల్సిన కంట్రోల్ కదా. గైడ్లు ఏం చేస్తున్నట్టు?

పుల్లట్టు
గ్రాంటు రిపోర్టు రాస్తున్నారు.

బ్లడ్‌బ్యాంక్_భాను
కాగితాల గురించి అడగొద్దన్నావు, అడగను. ఇవి మాత్రం చెప్పి తీరతా.

టీకా మూడు డోసులూ (0, 1, 6 నెలలు) అయ్యాక యాంటీ-హెచ్‌బీఎస్ (టీకాకి ఒంట్లో పుట్టే యాంటీబాడీ) టైటర్ చూపించుకున్నావా? లీటరుకి 10 వేల మిల్లీయూనిట్లు, అంటే మిల్లీలీటరుకి 10 మిల్లీయూనిట్లు దాటితేనే రక్షణ ఉన్నట్టు. టీకా వేయించుకున్నా స్పందన రానివాళ్లుంటారు, కార్డు చూసి ధైర్యపడొద్దు.

ఆ యూనిట్లకి హెచ్‌ఐవీ, హెచ్‌సీవీ రిపోర్టు కూడా నెగటివ్ అని రాతపూర్వకంగా తీసుకో. ఒకటి పాజిటివ్ వచ్చాక మిగతావి ఏమయ్యాయో నోటిమాటగా అడిగితే కుదరదు.

చాలామంది 56 డిగ్రీల్లో అరగంట వేడిచేసి ఇక ఏం కాదనుకుంటారు. అది కాంప్లిమెంట్‌ని చంపడానికి. ఈ వైరస్‌కి సరిపోదు. టేబుల్ మీద ఎండిన రక్తపు చుక్కలో కూడా వారం రోజులు బతికి ఉంటుంది.

సూది సిరంజితో ట్యూబ్ పక్కనుంచి పొడిచి బ్యాండ్ తీసే అలవాటు నీకుంటే ఈ రోజే మానెయ్. పైనుంచి పిపెట్‌తో తీయి, లేకపోతే ఫ్రాక్షన్ కలెక్టర్ పెట్టు.

తరమణి_తంటాలు
@బ్లడ్‌బ్యాంక్_భాను టైటర్ ఉంది అక్కా, వందల్లో వచ్చింది. హెచ్‌ఐవీ, హెచ్‌సీవీ రిపోర్టులున్నాయి. బ్యాండ్ పిపెట్‌తోనే తీస్తున్నా. బకెట్ల మూతలు క్యాబినెట్ లోపలే తెరుస్తా.

రోటర్‌రావు
మూతలంటే గుర్తొచ్చింది. బకెట్లని హైపోక్లోరైట్‌లో నానబెట్టకండి బాబూ. 1 శాతం హైపో బెంచికీ, టిప్పులకీ. అల్యూమినియం రోటర్‌ని అది తినేస్తుంది. సీజియం క్లోరైడ్ చుక్క పడి ఎండినా అంతే. రన్ అయ్యాక వేడినీళ్లు, మెత్తటి డిటర్జెంటు, తిరగేసి ఆరబెట్టడం. ఈ పని ఊడ్చేవాళ్లకి వదిలేసి వెళ్లే పరిశోధకులంటే నాకు ఒళ్లు మంట.

ఇంకో మాట. 1.20 కింద 1.24 దగ్గర పట్టీ కనబడినా కనబడకపోయినా డేన్ పార్టికల్స్ ఉండేది అక్కడే. 42 నానోమీటర్ల అసలు వైరస్ అదే. నీకు కావాల్సిన 22 నానోమీటర్ల గోళాల లోపల జీనోమ్ ఉండదు, అవి అంటవు. కానీ రెండు పట్టీల మధ్య గోడేం లేదు. "ఇంకాస్త వస్తుంది" అని కింది ఫ్రాక్షన్ కూడా కలుపుకుంటే యాంటిజెన్‌తోపాటు వైరస్‌నీ కలుపుకున్నట్టే.

అనకాపల్లి_అల్లుడు
నేను ల్యాబు మనిషిని కాదు. మా మామయ్యకి ఈ హెపటైటిస్ బి పాజిటివ్ అన్నారు. వేళచ్చేరిలో ఉంటారు. పక్కింటివాళ్లు నేల ఉసిరి పసరు తాగితే పోతుందంటున్నారు. మీలో ఎవరైనా చెప్పగలరా?

పాతబెంచి
@అనకాపల్లి_అల్లుడు మీరు అడిగిన ప్రశ్నకీ చెన్నైకీ పాత చుట్టరికం ఉంది. ఇక్కడి మద్రాస్ యూనివర్సిటీ ఆచార్యులు ఎస్.పి.త్యాగరాజన్ బృందం నేల ఉసిరి పొడిని క్యారియర్లకి నెల రోజులు ఇచ్చి చూసింది. ఫలితం 1988లో లాన్సెట్‌లో వచ్చింది. మందు తీసుకున్న 37 మందిలో 22 మందికి సర్ఫేస్ యాంటిజెన్ కనబడకుండా పోయింది, ఉత్తి గుళిక తీసుకున్న 23 మందిలో ఒక్కరికే పోయింది. ఆ పేపర్ మీద పేర్లలో బరూచ్ బ్లూమ్‌బర్గ్ కూడా ఉన్నారు. ఈ యాంటిజెన్‌ని కనిపెట్టి 1976లో నోబెల్ అందుకున్నాయన.

అయితే తర్వాత వేరే చోట్ల చేసిన ట్రయల్స్‌లో ఆ ఫలితం నిలబడలేదు. ఇప్పుడు వాడేవి టెనోఫోవిర్, ఎంటెకావిర్. అవి కూడా అందరికీ మొదలుపెట్టరు, వైరల్ లోడు, లివర్ రిపోర్టులు చూసి చెప్తారు. మామయ్యని లివర్ డాక్టర్‌కి చూపించండి. ఇంట్లో మిగతావాళ్లకి పరీక్ష, లేనివాళ్లకి టీకా.

అనకాపల్లి_అల్లుడు
చాలా థాంక్సండీ. పసరు ఆపిస్తా. అత్తయ్యకి ఎలా చెప్పాలో అదే పెద్ద ట్రయల్.

ఊరికే_చూస్తున్నా
@పాతబెంచి బ్లూమ్‌బర్గ్ కూడా సీజియం క్లోరైడ్‌తోనే పట్టుకున్నారా?

పాతబెంచి
లేదు. అగార్ పలకలో గుంతలు చేసి, ఒకదాంట్లో చాలాసార్లు రక్తం ఎక్కించుకున్న హీమోఫీలియా రోగి సీరం, చుట్టూ దేశదేశాల సీరంలు. ఒక ఆస్ట్రేలియా ఆదివాసి సీరం ఎదురుగా తెల్లగీత పడింది. అందుకే మొదట్లో దాన్ని ఆస్ట్రేలియా యాంటిజెన్ అన్నారు. ఆ పనిలో తోడున్న హార్వీ ఆల్టర్‌కి 2020లో నోబెల్ వచ్చింది, హెపటైటిస్ సి మీద చేసిన పనికి. పేపర్ వచ్చింది 1965లో. అప్పటికి అది వైరస్ ముక్క అని ఎవరికీ తెలియదు.

ఇక ఈ థ్రెడ్‌కి పనికొచ్చేది ఆ తర్వాతి కథ. 1981లో అమెరికాలో అనుమతి వచ్చిన మొదటి హెపటైటిస్ బి టీకా క్యారియర్ల ప్లాస్మా నుంచి తీసినదే. మెర్క్‌లో మారిస్ హిల్లెమన్ బృందం చేసింది. అమ్మోనియం సల్ఫేట్, అల్ట్రాసెంట్రిఫ్యూజ్ అన్నీ వాళ్లూ వాడారు, కానీ వాటితో ఆగలేదు. పెప్సిన్‌తో ఆమ్లంలో అరగదీత, ఆపైన 8 మోలార్ యూరియా, ఆపైన ఫార్మలిన్. సీరం ప్రోటీన్లు పెప్సిన్‌కి ముక్కలైపోతాయి, 22 నానోమీటర్ల గోళం మాత్రం కొవ్వు పొర, సల్ఫర్ కట్ల వల్ల అలాగే నిలబడుతుంది. నీ అల్బుమిన్‌కి, ఐజీజీకి, అపో ఏ1కి ఒకే దెబ్బ.

నల్లపిల్లి
ఇదిగో సమాధానం. పెప్సిన్ వేసెయ్.

మాధవి_మైక్రో
వద్దు! ఆమెకి ప్రీ-ఎస్ కావాలి అంది పైన. పెప్సిన్ మొదట కొరికేది బయటికి వేలాడే ప్రీ-ఎస్‌నే. టీకా చేసేవాళ్లకి అది పోయినా పర్వాలేదు, ఈమెకి థీసిస్సే పోతుంది.

పాతబెంచి
@మాధవి_మైక్రో ఒప్పుకుంటా, ప్రీ-ఎస్ కోసమైతే పెప్సిన్ పనికిరాదు. కానీ ఒక భాగాన్ని పెప్సిన్‌తో చేసి ఉంచుకుంటే మంచి పోలిక దొరుకుతుంది కదా. పెప్సిన్ తర్వాత నిలబడిన 24, 27 నికరంగా ఎస్ ప్రోటీన్‌వే.

మాధవి_మైక్రో
ఆ మాత్రానికైతే సరే.

కిట్టు_కిట్లు
మా దగ్గర అయితే యాంటీ-హెచ్‌బీఎస్ మోనోక్లోనల్‌ని సయనోజెన్ బ్రోమైడ్ సెఫరోజ్‌కి కట్టి కాలమ్ చేస్తాం. సీరం పోస్తే యాంటిజెన్ ఒక్కటే అతుక్కుంటుంది. 3 మోలార్ థయోసైనేట్‌తో దింపి వెంటనే డయాలసిస్. ఒక్కరోజు పని. ఈ గ్రేడియంట్లు, శనివారం రాత్రులు ఎవరిక్కావాలి?

నల్లపిల్లి
@కిట్టు_కిట్లు యాంటీబాడీ మీ కంపెనీ కొనిపెడుతుంది కాబట్టి. పీహెచ్‌డీ పిల్లకి కంటిన్‌జెన్సీ (ల్యాబు ఖర్చుల డబ్బు) ఎంతొస్తుందో తెలుసా మీకు?

కిట్టు_కిట్లు
తెలుసు. అందుకే పీహెచ్‌డీ వదిలి కంపెనీలో చేరా.

మాధవి_మైక్రో
డబ్బు ఒక్కటే కాదు. ఆ కాలమ్ ఆ మోనోక్లోనల్ గుర్తుపట్టే రూపాన్నే పట్టుకుంటుంది. రెండు జీనోటైపుల తేడా చూడాలనుకునేవాళ్లు ముందే వడపోసినట్టవుతుంది. పైగా కొన్ని యాంటీబాడీలు కాలమ్ నుంచి కారి నీ ప్రెప్‌లోకి వస్తాయి. మళ్లీ 25, 50 బ్యాండ్లు!

తరమణి_తంటాలు
నెగటివ్ సీరం పక్కపక్కన నడిపాను, జెల్ ఇప్పుడే చూశా. నెగటివ్ వరసలో 66, 50, 25, 28 అన్నీ ఉన్నాయి. 28 అయితే రెండు వరసల్లోనూ ఒకే లావు. పాజిటివ్ వరసలో మాత్రమే ఉన్నది 24, 27 దగ్గర సన్నటి నీడల్లాంటి రెండు గీతలు. 25, 28 బ్యాండ్లని ఆనుకుని ఉన్నాయి, కూమాసీలో అయితే వాటి అంచుల్లా కనబడి కలిసిపోతున్నాయి. వెండి స్టెయిన్ వేసి తక్కువ లోడ్ చేస్తేనే విడివిడిగా తెలిసింది.

ఎలైజా డైల్యూషన్లు కూడా వేశా. రావుగారు చెప్పినట్టే పట్టీ నడిమధ్య ఫ్రాక్షన్ డైల్యూట్ చేసేకొద్దీ ఓడీ కొంతదూరం పెరిగి ఆ తర్వాత పడింది. స్టాండర్డ్‌తో వెనక్కి గుణిస్తే ప్రోటీన్లో యాంటిజెన్ వాటా చాలా చిన్నది. మిల్లీగ్రాముల్లో ఉన్నదంతా మిగతావాళ్లే.

ఇప్పుడు ఇక్కణ్నుంచి ముందుకెలా?

సైదాపేట_శీను
నీ గైడ్ అప్పుడు అడిగిన ప్రశ్న కరెక్టే అన్నమాట. ఈ థ్రెడ్ ఆయనకి చూపించకు.

రోటర్‌రావు
ఇప్పుడు దారి సులువమ్మా. సాంద్రత ఒక్కటే పట్టుకుని కూర్చోకు, సైజు కూడా వాడు.

సీరంలో నిన్ను ఏడిపించే కొవ్వు పార్టికల్స్ రెండు రకాలు. ఎల్‌డీఎల్ ఇంచుమించు నీ యాంటిజెన్ సైజే, 20 నానోమీటర్ల పైచిలుకు. కానీ సాంద్రత 1.02 నుంచి 1.06, కాబట్టి గ్రేడియంట్లో పైకి తేలిపోతుంది. హెచ్‌డీఎల్ సాంద్రతలో నీ పక్కకే వస్తుంది, కానీ సైజు 10 నానోమీటర్ల అటూ ఇటూ, నీదాంట్లో సగం. ఒక జల్లెడలో నిలిచేది ఇంకో జల్లెడలో జారిపోతుంది. రెండిట్లోనూ నీతోపాటు నిలిచేది సీరంలో దాదాపు లేదు.

సైజు కోసం రెండు పద్ధతులు. ఒకటి, సుక్రోజ్ రేట్ జోనల్: పలుచటి గ్రేడియంట్ మీద పైన పొరగా పోసి, సమతూకం వచ్చేదాకా కాకుండా మధ్యలో ఆపడం. అల్బుమిన్, ఐజీజీ, హెచ్‌డీఎల్ పైనే ఉండిపోతాయి, యాంటిజెన్ కిందికి ముందుకెళ్తుంది. రెండు, సెఫరోజ్ సీఎల్-4బి కాలమ్: యాంటిజెన్ వాయిడ్ వాల్యూమ్ (పూసల మధ్య ఖాళీ) దాటాక ముందుగా వస్తుంది, మిగతావి తీరిగ్గా వస్తాయి. కాలమ్‌కి స్లాటు గొడవ లేదు, కోల్డ్ రూమ్‌లో నిలబెట్టుకుంటే చాలు.

నేనైతే కాలమ్ ముందు, సీజియం తర్వాత చేస్తా. అల్బుమిన్ కాలమ్‌లోనే పోతే గ్రేడియంట్‌కి బరువు తగ్గుతుంది. ఇప్పుడు నీ ట్యూబులో ప్రోటీన్ మరీ ఎక్కువ. అల్బుమిన్ లాంటి చిన్న ప్రోటీన్ ఒక్క రాత్రిలో తన సాంద్రత దగ్గరికి చేరదు, ట్యూబంతా పరుచుకునే ఉంటుంది. 66 దగ్గరి దున్నపోతు అందుకే కదలట్లేదు.

మాధవి_మైక్రో
మొదటి అంచె కూడా మార్చు. అమ్మోనియం సల్ఫేట్ బదులు పీఈజీ (పాలీఎథిలీన్ గ్లైకాల్) 6000 చేసి చూడు. తక్కువ శాతంలో పెద్ద పార్టికల్స్ ముందు దిగుతాయి, అల్బుమిన్ పైనే ఉంటుంది, ఐజీజీ కూడా చాలావరకు. 4 నుంచి 12 శాతం దాకా చిన్న ట్యూబుల్లో వేసి పైదీ కిందదీ రెండూ ఎలైజా చెయ్యి. నీ సీరంలో ఎక్కడ దిగుతుందో అది నీకే తెలియాలి. ఎవరి పేపర్ నుంచో శాతం ఎత్తుకొస్తే కుదరదు.

పాతబెంచి
అమ్మోనియం సల్ఫేటే ఉంచుకునేవాళ్లకి ఒక మాట: టేబుల్‌లో ఉష్ణోగ్రత చూసుకోండి. 50 శాతానికి సున్నా డిగ్రీల దగ్గర లీటరుకి 291 గ్రాములు, 25 డిగ్రీల దగ్గర 313. చెన్నైలో మే నెలలో బెంచి మీద 25 అనుకుని తూచితే అది ఏ టేబుల్లోనూ ఉండదు.

సైదాపేట_శీను
మే నెలలో కోల్డ్ రూమ్ పని అంటే నేను కూడా వలంటీర్‌గా వస్తా.

వెస్టర్న్_వెంకీ
డయాలసిస్ ట్యూబ్‌లో సగమే నింపు. ఉప్పు లోపల ఉంటే నీళ్లు లోపలికి తోసుకొస్తాయి. మా జూనియర్ నిండా నింపి రెండు క్లిప్పులూ బిగించి ఇంటికెళ్లాడు. పొద్దున బకెట్లో ట్యూబు ఉబ్బి సొరకాయలా తేలుతోంది, ఒక క్లిప్పు ఊడి అడుగున ఉంది, శాంపిల్ సగం బఫర్లో. అదృష్టం ఏంటంటే వాడిది నెగటివ్ సీరం.

బ్లడ్‌బ్యాంక్_భాను
@వెస్టర్న్_వెంకీ పాజిటివ్ అయ్యుంటే ఆ బకెట్ నీళ్లు ఎక్కడ పోసేవాళ్లు?

వెస్టర్న్_వెంకీ
అందుకే అదృష్టం అన్నా.

బ్లడ్‌బ్యాంక్_భాను
పాజిటివ్ శాంపిల్ డయాలసిస్ బఫర్ మొత్తం వ్యర్థమే. హైపోలో నానబెట్టి ఆ తర్వాతే సింకు. బఫరే కదా అని పోసేయొద్దు.

తరమణి_తంటాలు
సెఫరోజ్ సీఎల్-4బి మా పక్క ల్యాబులో వాడి దాచినది ఉంది. కాలమ్ ముందు, సీజియం తర్వాత, ప్రతి అంచెలో నెగటివ్ సీరం పక్కన. పీఈజీ ట్రయల్ రేపు మొదలుపెడతా. ప్రీ-ఎస్ కోసం పెప్సిన్ దూరంగా పెడతా, ఒక చిన్న భాగం మాత్రం పోలిక కోసం. ఒక డౌటు: అంతా అయ్యాక మిగిలిన వైరస్ చావాలని 60 డిగ్రీల్లో 10 గంటలు వేడిచేస్తే యాంటిజెన్ పాడవుతుందా? తర్వాతి పనికి దాన్ని బయటి గదిలో వాడాలి.

పాతబెంచి
గోళానికి వేడి పెద్ద లెక్క కాదు. 1970లలో న్యూయార్క్‌లో సాల్ క్రుగ్‌మన్ క్యారియర్ సీరంని నీళ్లతో పల్చన చేసి 98 డిగ్రీల్లో ఒక్క నిమిషం మరిగించి ఇస్తేనే రక్షణ వచ్చింది. అంటే మరిగించాక కూడా ఎస్ ఎపిటోప్ బతికే ఉంది. (ఆ ప్రయోగం మానసిక వికలాంగులైన పిల్లల మీద చేశారు, అది వేరే చర్చ, అలా చేయకూడదు.) అయితే ప్రీ-ఎస్ అంత గట్టిది కాదు. వేడికి ముందు, తర్వాత ప్రీ-ఎస్ యాంటీబాడీతో కూడా ఎలైజా చెయ్యి.

మాధవి_మైక్రో
ప్రీ-ఎస్ పోయిందని తేలితే వేడి మానేసి, ఆ ప్రెప్‌ని అంటేదానిగానే లెక్కగట్టి క్యాబినెట్ లోపలే పని చేసుకో. బయటి గదికి తేవడం కోసం శాంపిల్ పాడుచేసుకోవద్దు.

తరమణి_తంటాలు
సరే మేడం. @రోటర్‌రావు గారూ, కాలమ్ మీద ఎంత లోడ్ చేయొచ్చు? నా దగ్గరున్న గాజు కాలమ్ 100 మిల్లీలీటర్లు పడుతుంది.

రోటర్‌రావు
2, 3 మిల్లీలీటర్లు దాటనీకు. ఆత్రపడి 10 పోస్తే అన్నీ కలిసే బయటికొస్తాయి. పీఈజీ పెలెట్‌ని తక్కువ బఫర్లో కరిగించు, పోసే ముందు ఒకసారి స్పిన్ చేసి అడుగున ఉన్నది వదిలెయ్. వాడి దాచిన సెఫరోజ్ అన్నావు కదా, ముందు బ్లూ డెక్స్ట్రాన్ (నీలం రంగున్న పెద్ద అణువు) పంపి పట్టీ సమంగా దిగుతోందో లేదో చూడు. వంకరగా దిగితే మళ్లీ ప్యాక్ చేసుకో.